వెన్ను విరిగిన చోట

బరంపురం కోర్టు వెనక సందులో పాఢీ బాబు దుకాణం.
మెట్టు మీద గొడుగు ఆరబెట్టి
పర్సులో పద్నాలుగు వందలు ఉన్నాయో లేదో
రెండోసారి తడుముకున్నాను.
"పాసవడానికా అమ్మా, వాదించడానికా?"
ఆయన తెలుగులో ఒడియా రాయిలా తగలదు,
పోపులో ఆవగింజలా చిటపటమంటుంది.
ఆ రెంటికీ మధ్య ఏదో గొణిగాను.

మొదట దించింది మూడు సంపుటాల వ్యాఖ్య.
ఒక్కోటీ పురిటిబిడ్డంత బరువు.
పేజీ పైన చట్టం రెండు వాక్యాలు,
కింద చీమలబారుగా తీర్పులు.
ధర చూశాక
నిద్రపోయే బిడ్డను పక్కమీద వేసినట్టు
చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేశాను.

తర్వాత గులాబీ అట్ట గైడు.
ముప్పై ప్రశ్నలు, ముప్పై జవాబులు.
"మా బ్యాచంతా ఇదే" అన్నాడు పక్కనున్న కుర్రాడు.
పన్నెండేళ్లు పలకల మీద అఆలు దిద్దించినదాన్ని,
పిల్లలెప్పుడూ అడిగేది ముప్పై ఒకటో ప్రశ్నే.

అడుగు అరలో, తూకానికి పోవలసిన కట్టలో
అట్ట ఊడినది ఒకటి.
మొదటి పేజీలో వంకాయరంగు సిరా:
కె. దండాసి, గుణుపురం.
మా ఊరే. ఎవరో తెలీదు.
"అది చచ్చిపోయిన పుస్తకమమ్మా,
అందులో ఆస్తి ఇంకా ప్రాథమిక హక్కే."
చేతిలోకి తీసుకోగానే
మూడు వందల యాభై-ఎ దగ్గర దానంతటదే తెరుచుకుంది.
అక్కడే వెన్ను విరిగి ఉంది.
చిన్నపిల్లలకు తల్లిభాషలో చదువు చెప్పించడానికి
ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలట.
ప్రయత్నమన్న ఆ ఇంగ్లీషు మాట కింద పెన్సిల్ గీత,
కాగితం చిరిగేదాకా.
అంచులో తెలుగులో, చిన్నగా: "గడువు ఏదీ?"

నలభై రూపాయలకు దాన్ని,
సవరణలన్నీ చేరిన పలచటి కొత్త ప్రతిని కొన్నాను.
చిల్లర లేదని పది రూపాయలకు
రెండు పెన్సిళ్లిచ్చాడు పాఢీ బాబు.

తిరుగు దారిలో రెండుసార్లు రాష్ట్రం దాటాలి,
ఇచ్ఛాపురం ముందొకసారి, పాతపట్నం తర్వాత ఒకసారి.
నౌపడలో రైలు మారితే
ఎదర కూకున్న జీడిపిక్కలావిడ
"ఏటమ్మా, వ్రతకథా?" అంది.
అలాంటిదే అన్నాను.
రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం ఎవరిదో
మూడో అధికరణంలో ఉంది చూడమని చెప్పబోయేంతలో
"ఇప్పుడు మనమున్నది ఏ రాష్ట్రమే?" అని ఆవిడే అడిగింది.
కిటికీలోంచి చూశాను. వాన.
చెప్పలేకపోయాను.

మా బడిలో తెలుగు సెక్షను మూసేసిన ఏడాదికి
లా కాలేజీలో చేరాను.
ఆఖరి ఏడు నలుగురే పిల్లలు.
సుకాంతి, జమ్మయ్య, కవలలిద్దరూ.
కవలల పేర్లు ఎప్పుడూ తారుమారు చేసేదాన్ని,
వాళ్లూ సరిదిద్దేవారు కాదు.
హాజరు పట్టీ తిరిగిమ్మని
ఎవరూ అడగలేదు.

ఆ పట్టీలో మిగిలిన తెల్ల కాగితాలే
రాత్రి సన్నగా ముక్కలు కోశాను.
కొత్త ప్రతిలో చూసి ఒక్కో సవరణా రాసుకుని
గంజితో పాతదాని మీద అంటించుకుంటూ పోయాను.
ముప్పై ఒకటో అధికరణం మీద: రద్దు.
దండాసి గారి రాత వచ్చిన చోటల్లా
ముక్కను వంపుగా కత్తిరించి ఆయనకు దారి వదిలాను.
కొన్ని చోట్ల ఆయన తప్పు చదివారు.
ఒక చోట ఎవరినో తిట్టారు, అది తప్పు కాదేమో.

పదకొండున్నరకు కరెంటు పోయి వచ్చింది.
మూడు వందల యాభై-ఎ.
రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి
వేలు జరుపుతూ మాట మాటా పోల్చాను.
ఒక్క కామా కూడా మారలేదు.
మళ్లీ చదివాను.
అంటించడానికి ఏమీ లేదు అక్కడ.

వేలి కొసన గంజి ఆరింది.
పాఢీ బాబు ఇచ్చిన పెన్సిల్ చెక్కాను,
చెక్కి
చాలాసేపు అలాగే పట్టుకున్నాను.